వల నోరు సముద్రం వైపు

ముప్పై ఏళ్లకు పైగా విలేకరిగా పనిచేసిన నేను తప్పు వార్తలు చాలానే రాశాను. బతికున్నవాళ్లను చంపాను, ఓడిపోయినవాళ్లను గెలిపించాను, ఒకసారి కోరుకొండ తీర్థం తేదీని ఒకరోజు ముందుకు జరిపాను. కొన్నిటిని జనం క్షమించారు, చాలావాటిని గమనించనే లేదు. ఒక్క వార్త మాత్రం ఉద్యోగం వదిలాక కూడా నన్ను వదల్లేదు. అందులో అచ్చుతప్పు లేదు. ఫోటో కూడా నేను స్వయంగా తీసిందే. శీర్షిక మూడు మాటలు: ‘శివారుకు చేరిన నీరు’. ఆ మూడింటిలో నిజమైనది చివరి మాటొక్కటే.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కాలువ వార్త అనగానే మొహం చిట్లిస్తారు. నేనూ చిట్లించినవాణ్నే. అందుకే కొంచెం మొదటినుంచి చెబుతాను.

వరద గోదావరిని రాజమండ్రి వంతెన మీంచి చూసినవాళ్లు మాఘమాసంలో మళ్లీ అక్కడే నిలబడి చూస్తే అదే నది అని నమ్మరు. ఇసుక తిన్నెల మధ్య రెండు మూడు పాయలు మిగులుతాయి. ఆ మిగిలిన దాన్ని ధవళేశ్వరం దగ్గర ఆపి, కాలువల్లోకి కొలిచి వదులుతారు. చలికాలంలో నారు ఊడ్చి, ఎండలు ముదిరేలోగా కోసుకునే రెండో వరి పంట దాళ్వా ఆ నీటి మీదే బతకాలి.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా వైపు కాలువని నీళ్లడిగేది దాదాపుగా వరి ఒక్కటే. నేను దిగిపోయేనాటికి చేపల చెరువులు, రొయ్యల చెరువులు, ఊరూరా మంచినీళ్ల చెరువులు, ఐసు ఫ్యాక్టరీలు, బైపాసు పక్కన లేచిన కాలనీలు, అన్నీ ఆ కాలువ వైపే చూస్తున్నాయి. వీటిలో ఎవరిదీ దొంగ అవసరం కాదు. చెరువులు తవ్వాకే చాలా ఇళ్లలో పిల్లలు ఇంజనీరింగ్ చదివారు. ఊళ్లలో ఏసీ హోటళ్లు, కార్ల షోరూములు వెలిశాయి. కాలువ వెడల్పు మాత్రం పెరగలేదు. గట్ల మీద షెడ్లు పడ్డాక కాస్త తగ్గింది కూడా.

నీళ్లు తక్కువైన ఏడాది వంతులు పెడతారు. కాలువకి మొదట ఉన్న ఊళ్లు కొన్ని రోజులు తమ తూములు మూసుకుంటే నీళ్లు చివరనున్న శివారు ఊళ్లకు చేరతాయి. అవి తడుపుకున్నాక పైవాళ్లు మళ్లీ తెరుచుకుంటారు. కాగితం మీద ఇంత తేలికైన ఏర్పాటు ఇంకోటి లేదు. గట్టు మీద మాత్రం ఎదురుగా నీళ్లు పారుతుంటే, తన చేను నెర్రెలు విచ్చుతుంటే, చేతికందే తలుపు ఎత్తకుండా కూర్చోవాలి. దానికి ఏ చట్టమూ సరిపోదు.

నేను చెప్పే ఏడాది అలాంటిది. నాలుగైదేళ్ల కిందటి మాట. పాతిక కిలోమీటర్ల కాలువ. చివరి ఊరు దాటితే మురుగు కాలువ, అది దాటితే ఉప్పుటేరు, ఆ తర్వాత సముద్రం. శివారు వరి పొట్ట దశకొచ్చింది. అంటే కంకి ఇంకా మొక్క కడుపులోనే ఉంటుంది. అప్పుడు నీళ్లు లేకపోతే గింజ పాలుపోసుకోదు, చేను పైకి పచ్చగానే కనబడుతూ తాలుగా మిగులుతుంది. కాలువకి నీళ్లు వదిలే మొదటి లాకుల దగ్గర అందరూ కూర్చుని మాట అనుకున్నారు. శివారుకు నీళ్లు చేరాయనే కబురు వచ్చేదాకా పైతూములన్నీ మూసి ఉంచాలి.

ఆ కబురు ఎవరు చెప్పాలన్నది ఎవరూ చర్చించలేదు. అది ఎప్పటినుంచో లస్కరు పని. కాలువ గట్టున తిరుగుతూ తూముల తలుపులు దింపి, ఎత్తే ఉద్యోగిని మా వైపు లస్కరంటాం. ఆ కాలువకు ఒకప్పుడు ముగ్గురుండేవారట. కొత్తవాళ్లను వేయక, ఉన్నవాళ్లు దిగిపోయి, చివరికి ఒక్కడే మిగిలాడు. ఖాకీ చొక్కా, మెళ్లో తువ్వాలు, సైకిలు హ్యాండిల్‌కి వేలాడే ఇనప తాళం. జేబులో ఎప్పుడూ కొబ్బరిపీచు ఉండేది. కొత్తలో బీడీ ముట్టించడానికేమో అనుకున్నాను. ఆయన బీడీ కాల్చడు. పీచు చిన్న ముక్క తుంచి కాలువలో వేసి, దాని పక్కనే గట్టు మీద నడుస్తాడు. నూరడుగులు నడిచి నిలబడతాడు. ఏ ఊరికి ఎప్పటికి నీళ్లు వెళతాయో అప్పుడు చెబుతాడు. చిన్నింజనీరుగా ఉన్న అమ్మాయి దగ్గర ట్యాబులో లెక్కలుండేవి. ఆమె ముందు ట్యాబు చూసి, తర్వాత ఆయన మొహం చూసి, రెండోదే రాసుకునేది.

వంతు మొదలైన మూడో రోజు నేను సముద్రం ఒడ్డున ఒక రొయ్యల శుద్ధి కర్మాగారం ప్రారంభోత్సవానికి వెళ్లాను. పెద్దలు చాలామంది వచ్చారు, జిల్లా ఎంత వేగంగా ఎదుగుతోందో చాలాసేపు చెప్పారు. అక్కడ పెట్టిన రొయ్యల వేపుడు బాగుంది. తిరిగి వస్తూ మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో కాలువ చివరి వంతెన మీద కారు ఆపించాను. కాలువ నిండుగా ఉంది. వంతెన స్తంభానికి గీసిన గేజీ మీద నీళ్లు నాలుగడుగుల గీత దాటాయి. కర్రలకు కట్టిన సంచి వల ఒకటి నీళ్లలో ఉబ్బి అందంగా ఉంది. దాన్ని ముందు పెట్టుకుని ఫోను తీసి క్లిక్‌మనిపించాను. లస్కరుకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. శివారుకు నీళ్లు చేరాయని కళ్లారా చూశాక ఇంక ఆయన్ని అడిగేదేముంది అనుకున్నాను. వంతెన దిగకుండానే, కారు రాజమండ్రి చేరేలోగా వార్త పంపేశాను.

మర్నాడు పొద్దున్న జిల్లా పేజీలో ఫోటో నాలుగు కాలమ్‌ల వెడల్పున వచ్చింది. తొమ్మిదింటికి లస్కరు ఫోన్ చేశాడు.

“బాబుగారూ, మన కాలువ నీళ్లు ఇంకా శివారుకు ఏడు కిలోమీటర్ల ఎగువనే ఉన్నాయండి. మీరు చూసినవి ఏ నీళ్లండీ?”

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఈలోగా మా పేపరు ముక్క వాట్సాప్‌లో కాలువ పొడుగునా తిరిగిందనీ, పేపరే రాశాక ఇంక ఆగేదేమిటని పైఊళ్లవాళ్లు ఏడు గంటలకే తూములు ఎత్తేశారనీ చెప్పాడు. ఏడు కిలోమీటర్ల ఎగువదాకా వచ్చిన నీళ్లు అక్కడే నిలిచి ఇంకిపోతున్నాయి.

బస్సెక్కి శివారుకు వెళ్లాను. అదే వంతెన. కాలువలో నీళ్లు లేవు. అడుగున బురద మెరుస్తోంది, మధ్యలో రెండు గుంటలు. కర్రలు అలాగే ఉన్నాయి, వల వాటికి వేలాడుతోంది. ఒక నడివయసు ఆడమనిషి మా పేపరు నాలుగు మడతలు పెట్టి పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది, మోకాళ్లదాకా మట్టి. లస్కరు పక్కనే ఉన్నాడు. ఆమెది చేపల వేట ఇల్లు. భర్త ఉప్పుటేట్లో వల వేస్తాడు, ఆమె రెండెకరాలు కౌలుకి చేస్తుంది. కాలువ మీద ఆఖరి తూము ఆ రెండెకరాలదే.

“ఈ ఫొటోలో వల మాదేనండి,” అంది. “నోరు ఎటుందో చూశారాండీ?”

చూశాను. తీసింది నేనే, అయినా అప్పుడే మొదటిసారి చూశాను. వల నోరు సముద్రం వైపు తెరుచుకుని ఉంది. సంచి ఎగువకు, ఊళ్ల వైపు ఉబ్బి ఉంది.

“నీళ్లు ఎటునుంచి వస్తే అటే కదండీ నోరు కడతాం. మా ఆయన పున్నమి పోటుకి కట్టాడండి. ఆఖర్న మురుగు కాలువ తలుపు తుప్పట్టి కింద విరిగిపోయింది కదండీ, పోటొస్తే ఉప్పునీళ్లు ఎగదన్నుకుని ఇక్కడిదాకా వస్తాయండి. పాటు తగిలితే పోతాయి. ఆయ్, చంటిపిల్లకైనా తెలుద్దండి.”

సముద్రం పైకి రావడం పోటు, వెనక్కి పోవడం పాటు. ఆ మాటలు రెండూ నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు, తుపాను వార్తల్లో వందసార్లు రాశాను. పోటు వేళ వంతెన మీద నిలబడి గేజీ చదివాను. నాలుగడుగులు సరిగ్గానే చదివాను. ఆ నాలుగడుగులూ సముద్రం.

ఆమె నన్ను చేలోకి తీసుకెళ్లి ఒక పిలకని తెంపి, పొట్టని గోటితో చీల్చింది. లోపల వేలెడు పొడుగు వెన్ను, తెల్లగా, మెత్తగా, పుట్టబోయే దాని నిద్రలా ఉంది. “మూడు రోజులు చూస్తుందండి. నాలుగోరోజు ఇది గింజ కాదు,” అంది. చీల్చిన పిలకని పారేయకుండా మళ్లీ మొదట్లోనే పెట్టి మట్టి కప్పింది. ఎందుకలా చేసిందో నేను అడగలేదు.

నేను చెయ్యగలిగింది నాకు తెలిసిన పనే. డెస్కుకి ఫోన్ చేసి, వార్త తప్పు, దిద్దుబాటు వెయ్యాలి, అదే పేజీలో, అదే సైజులో అన్నాను. డెస్కులో మా పెద్దాయన ఉద్యోగంలో నాకంటే సీనియరు, చాలా శాంతమూర్తి. నాలుగు కాలమ్‌ల ఫోటో కింద పొరపాటని రాస్తే రేపట్నుంచి వాతావరణం కూడా ఎవరూ నమ్మరయ్యా అన్నాడు. చివరికి సవరణ వేశాడు. మర్నాడు నేను దాన్ని వెతుక్కున్నాను. రైళ్ల వేళలకీ, తప్పిపోయిన పాసుపోర్టు ప్రకటనకీ మధ్య రెండు వరుసల్లో ఉంది. చిన్నింజనీరుకి మొదటి వార్తను చూసి పైఅధికారి అభినందనలు పంపారట. ఇప్పుడు ఆ అభినందనలు తిరిగి ఎలా ఇవ్వాలండీ అని అడిగిందా అమ్మాయి. నవ్వుతూనే అడిగింది గానీ, ఆ సాయంత్రమే పైఆఫీసుకు ఉన్నదున్నట్టు రాసి పంపింది.

అయితే సవరణ అచ్చయ్యేదాకా ఆగడం అనేది వరికి కుదరదు. అందుకే ఆ మధ్యాహ్నమే ముగ్గురం కలిసి మొదటి లాకులకు బయల్దేరాం. ఆమె కాలువ గుంటలోంచి ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టి, మూత బిగించి కొంగులో కట్టుకుంది. ఎందుకని అడిగితే, మాటలైతే మీ దగ్గర ఉన్నాయి కదండీ అంది.

లాకుల దగ్గర టీ దుకాణం ముందు మొదటి ఊరి పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నీటి సంఘానికి చాలాకాలం పెద్దగా చేసిన రైతు. ఆయన తూము కదిలితే మిగతావి కదులుతాయి, ఆయనది మూస్తే మిగతావి మూస్తారు. చుట్టూ పదిమంది. నన్ను చూడగానే ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. మా గోదావరి జిల్లాల్లో తిట్టేముందు కూడా కుర్చీ వేస్తారు.

జరిగింది చెప్పాను. వార్త తప్పు, నీళ్లు చేరలేదు, నేను చూసింది పోటునీరు, మళ్లీ తూములు మూయాలి. చెబుతుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది.

“చేరిందని రాసేది మీరే, చేరలేదని చెప్పేదీ మీరే. మధ్యలో తలుపులు దింపుతా ఎత్తుతా ఉండడానికి మేమేవైనా సినిమాహాలు తెరవాళ్లమాండీ?” అన్నాడొకాయన. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే. తమ చేలు కూడా ఎండుతున్నాయనీ, పక్కనే చెరువులవాళ్లు మోటార్లు పెట్టి తోడుకుంటుంటే వాళ్లనెవరూ అడగరనీ, పోలవరం పూర్తయితే ఈ గొడవలుండవనీ తలో మాటా అన్నారు. అన్నీ నిజాలే. పేపరోళ్ల పొరపాటుకి శివారువాళ్లు పేపరోళ్లనే అడగాలని ఒకాయన తేల్చేశాడు.

అంతసేపూ ఆమె నిలబడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. అప్పుడు కొంగు విప్పి, సీసా తీసి పెద్దాయన ముందు బల్ల మీద పెట్టింది.

“పెద్దయ్యగారూ, పేపర్లో మాకొచ్చాయన్న నీళ్లు ఇయ్యేనండి. ఒక్క గుక్క చూడండి.”

దుకాణంలో గ్లాసు కడగబోయిన చెయ్యి ఆగింది. పెద్దాయన సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. మామూలు కాలువ నీళ్లలాగే ఉన్నాయి. మూత తీసి ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. వెంటనే ఉమ్మేస్తాడనుకున్నాను. ఉమ్మలేదు. నోట్లోనే ఉంచుకుని కాసేపు ఆమెనే చూశాడు. తర్వాత లేచి గట్టు పక్కకు వెళ్లి ఉమ్మి, తువ్వాలుతో మూతి తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు.

“పొట్టకొచ్చి ఎన్నాళ్లైందమ్మా?”

“ఇవాళ్టికి ఐదు రోజులండి.”

ఆయన లస్కరు వైపు తిరిగాడు. “ఇప్పుడు మూస్తే?”

లస్కరు జేబులోంచి పీచు తీసి, లాకుల దగ్గర నీళ్లలో వేసి, గట్టు మీద నడిచి వచ్చాడు. “ఎల్లుండి పొద్దున్న ఎనిమిదింటికండి. అటూఇటూ ఓ పావుగంట.”

“ఈసారి పేపరు మాట వినం,” అన్నాడు పెద్దాయన. “నీ మాటా వినం. ఇంజనీరు మేడం మాటా వినం. శివారు చేలన్నీ తడిశాక ఈవిడ నాకు ఫోన్ చెయ్యాలి. అప్పుడు ఎత్తుతాను నా తూము.” ఆమెకు తన నంబరు చెప్పాడు. ఆమె అరచేతి మీద రాయించుకుంది. రాసింది నేనే. ఆ వారంలో అప్పటిదాకా నేను తప్పు లేకుండా రాసింది ఆ నంబరొక్కటే.

పెద్దాయన కుర్చీ ఎత్తించి తన తూము పక్కన వేయించుకున్నాడు. చీకటి పడేలోగా లస్కరు, చిన్నింజనీరు కలిసి మిగతా ఊళ్లు తిరిగారు. ప్రతిచోటా వాళ్లు చెప్పింది ఒకటే మాట: ఆయన నీళ్లు నోట్లో పోసుకుని చూశాడు, మూశాడు.

మర్నాడు శివారులో ఆమె భర్త వల విప్పాడు. చేపలు బాగా పడే పోట్లలో వల విప్పడమంటే ఏమిటో నాకు తర్వాత తెలిసింది. విరిగిన తలుపు సందులో అతనూ ఇంకో ఆరుగురూ మట్టి బస్తాలు పేర్చి ఉప్పునీళ్లు రాకుండా కట్టేశారు. “వల కట్టినందుకు ఫొటోతో సహా పేపర్లో పడ్డానండి. బస్తాలు మోసినందుకు ఎక్కడ పడతానో,” అన్నాడు నాతో. నడుం పడిపోద్దని ఎవరో జవాబిచ్చారు.

ఎల్లుండి వచ్చింది. నేను తెల్లవారుతూనే వెళ్లి, చివరి వంతెనకు రెండు కిలోమీటర్ల ఎగువన లస్కరుని కలిశాను. సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. పక్కన, కాలువ అడుగున, నీరు వస్తోంది.

ఇన్నేళ్లు నీటి గురించి రాశాను గానీ నీరు రావడం చూడలేదు. ఉన్న నీటినీ, లేని నీటినీ చూశాను, అంతే. ఎండిన కాలువలోకి మొదటిసారి నీరు వచ్చేటప్పుడు అది పారదు, నడుస్తుంది. ముందు నురగ, గడ్డిపోచలు, ప్లాస్టిక్ కప్పులు, గుర్రపుడెక్క ముక్క. వాటి ముందు చీమలు, కీచురాళ్లు, కాళ్లున్నవన్నీ పరుగు. వాటి ముందు రెండు కొంగలు ఏమీ తొందర లేకుండా, పెళ్లివారిని తీసుకొస్తున్నట్టు. నెర్రెల్లోకి దిగేటప్పుడు బుడబుడమని లోపల్నుంచి గాలి పైకొస్తుంది, నేల గుక్క తిప్పుకున్నట్టు. ఒక గుంట వస్తే ఆగిపోతుంది. ఇంక రాదేమో అనిపిస్తుంది. గుంట అంచుదాకా నిండి, అక్కడ సన్నగా వణికి, ఒకచోట అంచు తెగి మళ్లీ బయల్దేరుతుంది. దాని వేగం మనిషి నడకలో సగం. మేం ఆగుతూ ఆగుతూ దాంతోపాటు నడిచాం. పాతిక కిలోమీటర్ల పొడుగునా ఎవరూ చెయ్యి పెట్టకపోతేనే ఆ నీరు ఇక్కడిదాకా నడవగలిగింది. ఎగువన ఊరూరా జనం ఎండుతున్న తమ చేలకు వీపు పెట్టి కూర్చున్నారు. లస్కరు మొహం చూశాను. ముప్పై ఐదేళ్లుగా చూస్తున్నవాడు కూడా చంటిబిడ్డ నడకని చూసినట్టు చూస్తున్నాడు.

చివరి వంతెన దగ్గరకు ఎనిమిదికి నాలుగు నిమిషాల ముందు చేరింది.

గట్టు మీద శివారు రైతులు ఇరవైమంది దాకా ఉన్నారు. ఆయిలింజన్లు సిద్ధంగా ఉన్నాయి. నేను ఫోను తీసి ఫోటో తియ్యబోయేలోగా నీళ్లు తూము దగ్గరకొచ్చాయి. ఎవరూ కదల్లేదు. ఆమె తలుపు ఎత్తలేదు. కాలువ అంచు పట్టుకుని కిందికి దిగి, దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

“బస్తాలు తీసెయ్,” అంది భర్తతో.

నాకు అర్థం కాలేదు. లస్కరు చెప్పాడు. పోటునీళ్లు వచ్చి వచ్చి కాలువ అడుగంతా ఉప్పు పట్టి ఉంది, మొదట వచ్చిన నీళ్లు ఆ ఉప్పుని కరిగించుకుని వస్తాయి. అవి పొట్ట మీదున్న చేలో పడితే నీళ్లు లేనిదానికంటే చేటు. వాటిని సముద్రంలోకి వదిలి కాలువని కడుక్కోవాలి. ఆమె భర్త మురుగు కాలువ వైపు చూసి, ఇప్పుడు పాటు నడుస్తోంది గనక నీళ్లు బయటకు పోతాయనీ, పది దాటితే పోటు తిరుగుతుందనీ, ఆలోగా కడిగి మళ్లీ కట్టెయ్యాలనీ అన్నాడు. కొండల వైపునుంచి వచ్చే నీటి వేళ ఒకరి దగ్గర, సముద్రం వైపునుంచి వచ్చే నీటి వేళ ఇంకొకరి దగ్గర ఉంది. ఇద్దరి చేతికీ గడియారాలు లేవు. వాళ్లకు దొరికింది ఆ రెంటి మధ్య రెండు గంటలు.

బస్తాలు తీశారు. అన్నాళ్లు ఎదురుచూసిన నీరు వాళ్ల కళ్ల ముందునుంచి, ఎండిన చేల అంచునుంచి, సముద్రంలోకి పోయింది. ఇరవైమంది చూస్తూ నిలబడ్డారు. ఒక ముసలాయన మాత్రం అటు చూడలేక తిరిగి నిలబడ్డాడు.

ఎనిమిదిన్నరకి మళ్లీ రుచి చూసింది. ఉమ్మేసింది. తొమ్మిదింటికి ఆమె ఫోన్ మోగింది. లాకుల నుంచి పెద్దాయన. అందరికీ వినబడేట్టు పెట్టింది.

“వచ్చాయా అమ్మా?”

“వచ్చాయండి.”

“తడుపుతున్నారా?”

“లేదండి. కాలువ కడుగుతున్నామండి. ఇంకా ఉప్పుగానే ఉన్నాయండి.”

పెద్దాయన తన ఊరి చేలకు పోకుండా ఆపిన నీళ్లు సముద్రంలో పోస్తున్నామని చెబుతోంది ఆమె. అబద్ధం చెప్పొచ్చు, తడుపుతున్నామండీ అంటే సరిపోయేది.

“కంగారు పడకు. బాగా కడగండి,” అన్నాడాయన. “ఇక్కడ నేను కూర్చునే ఉన్నాను.”

తొమ్మిదిన్నర దాటాక ఆమె మళ్లీ దిగింది. ఈసారి నోట్లో పోసుకున్న నీళ్లు చాలాసేపు ఉంచుకుంది. గొంతు కదిలింది. మింగేసింది. పైకి చూసి చెయ్యి ఊపింది. భర్త బస్తాలు వెయ్యడం మొదలుపెట్టాడు. ఆమె గట్టెక్కి, తన తూము తలుపు వదిలేసి, పక్క చేను ముసలాయన తూము ముందు ఎత్తింది. ఆయన చేను మెరక, మిగతావాటికంటే ఎత్తు. మెరక ముందు తడవాలట. తన తలుపు తర్వాత ఎత్తింది.

డెడ్‌లైనుకి చాలా ముందే నా దగ్గర ఉద్యోగ జీవితంలోకెల్లా నిజమైన వార్త ఉంది. రాయొచ్చా అని ఆమెను అడిగాను. ఒక విలేకరి రాసేముందు రైతుని అలా అడగడం అదే మొదటిసారేమో. ఇంకా లేదండి, చేలన్నీ తడవాలి కదండీ అంది. ఆ సాయంత్రం డెస్కుకి ఏమీ పంపలేదు. కాలువ మీద ఏమైనా ఉందా అని అడిగితే, ఏమీ లేదన్నాను. ఆ రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నందాకా, ఎగువన కాలువ పొడుగునా ఒక్క తూమూ లేవలేదు. ఆమె అరచేతి మీద నంబరు అప్పటికి చెరిగిపోయి ఉంటుంది, కానీ దాన్ని శివారులో అందరూ బట్టీ పట్టారు.

మర్నాడు రెండు గంటలకు ఆమె ముందు పెద్దాయనకు ఫోన్ చేసింది, తర్వాత నాకు.

“ఇప్పుడు రాసుకోండి బాబుగారూ.”

రాశాను. డెస్కు పెద్దాయన చదివి, బాగుంది గానీ ఫోటో ఏదయ్యా, నిండుగా ఉన్న కాలువ ఫోటో ఉంటే నాలుగు కాలమ్‌లు ఇస్తానన్నాడు. లేదని చెప్పాను. నేను వెళ్లి చూసేసరికి కాలువలో మోకాలి లోతు కూడా లేదు. నీళ్లన్నీ వరి కింద ఉన్నాయి, పైనుంచి చూస్తే కనబడవు.